నీళ్ళు ముట్టని మనిషి

నేను మూత్రవ్యాధుల సర్జన్‌ని. ఆడదాన్ని. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన విన్న మగవాళ్ళ మొహంలో ఏం జరుగుతుందో ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూశాను. ముందు ఒక చిన్న నవ్వు, ఆ వెంటనే కంగారు, తర్వాత గదిలో ఇంకో డాక్టరు కోసం వెతుకులాట. "సార్ లేరా అమ్మా?" అని అడిగేవారు. "వస్తారు, ఈలోగా మీరా బల్ల మీద పడుకోండి" అనేదాన్ని. సార్ ఎప్పుడూ రాలేదు. నా సర్వీసంతా ఆ రాని సారు పేరు మీదే నడిచింది.

ఈమధ్య ఒక కాలేజీలో కొత్తగా సర్జరీలో చేరిన పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమంటే వెళ్ళాను. ఒకమ్మాయి లేచి, "మేడం, మీరు బాగా భయపడిన రోజు ఏది?" అని అడిగింది. ఏదో పెద్ద ఆపరేషన్ గురించి, ఆగని రక్తం గురించి చెబుతాననుకుంది పాపం. నాకు గుర్తొచ్చింది మాత్రం రోడ్డు పక్కన వేసిన షామియానా. అక్కడ టైము చాలక సగమే చెప్పాను. ఆ పిల్ల కోసం, ఆ పిల్లలాంటి మిగతావాళ్ళ కోసం, ఇక్కడ మొత్తం చెబుతున్నాను.

మాదాపూర్‌లో అద్దాల మేడల వెనక ఒక సందులో ఉండేది మా ఆసుపత్రి. చిన్నది, ప్రైవేటుది. పగలు ఆ మేడల్లో పనిచేసే ఐటీ పిల్లలు మెడనొప్పులతోనూ కిడ్నీ రాళ్ళతోనూ వచ్చేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఆ మేడల్ని కట్టేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు వచ్చేవాళ్ళు. తెలంగాణ ఉద్యమం ఇంటింటికీ అంటుకున్న రోజులవి. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, ఇంకోరోజు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. నాది గుంటూరు వైపు. నోరు తెరిస్తే తెలిసిపోతుంది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, నిజం చెప్పాలి కదా. కానీ భయపడ్డానికి ఎవరో ఏదో అననక్కర్లేదు. కూరగాయల బండి దగ్గర "ఎంతండీ" అనబోయి "ఎంత" దగ్గరే మింగేసిన రోజులున్నాయి. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఎక్కువ మాట్లాడకే" అనేది. నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చెప్పేది అదే. ఉద్యమం వచ్చాక దానికో కారణం దొరికింది.

మా వార్డులో ఒక మగ నర్సు ఉండేవాడు. ఆసుపత్రుల్లో ఆడవాళ్ళను సిస్టర్ అన్నట్టే మగవాళ్ళను బ్రదర్ అంటారు. మా బ్రదర్‌ది సిద్దిపేట వైపు. పనిలో దిట్ట, నోటికి మాత్రం తాళం లేదు. డ్యూటీ దిగగానే మెడలో కండువా వేసుకుని దీక్షా శిబిరానికి పోయేవాడు. మా ఇద్దరికీ రోజూ వాదనే. "మీరు మంచోళ్ళే మేడం. మా పంచాయితీ అంత మీ దిక్కోళ్ళతోనే" అనేవాడు. "ఆ దిక్కులో నేనూ ఒకదాన్నేగా" అంటే, "గందుకే గద, మీతోని దినాం పంచాయితీ" అని నవ్వేవాడు. అతనితో వాదించకపోతే ఆ రోజు టీ రుచించేది కాదు నాకు.

ఒక మధ్యాహ్నం ఓపీ ముగుస్తుండగా నా గది గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో నవ్వు లేదు.

"మేడం, జర మీతోని పనుంది. శిబిరంల కూసున్నోళ్ళకు దినాం ఒక డాక్టర్ సార్ వచ్చి బీపీ చూస్తుండె. ఇయ్యాల రాలె. ఒకాయన చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నడు. మీరొస్తరా?"

"నేనా?"

"మీరే. బీపీ మిషన్‌కు ఆంధ్ర తెలంగాణ ఏమెరుక?"

వెళ్ళాలని లేదు. వెళ్ళనని చెప్పడానికీ నోరు రాలేదు. అతని స్కూటర్ వెనక కూర్చుని వెళుతున్నంతసేపూ, అక్కడ ఎవరైనా మాట్లాడిస్తే తలూపి సరిపెట్టేయాలని నిశ్చయించుకున్నాను.

కొండాపూర్ వెళ్ళే దారిలో ఒక ఖాళీ ప్లాటులో ఉంది శిబిరం. సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్ళు కలిసి నడుపుతున్న రిలే నిరాహార దీక్ష అది. రిలే అంటే, పొద్దున ఒక జట్టు కూర్చుంటుంది, సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి లేపుతాడు, మర్నాడు ఇంకో జట్టు. మైకులో పాటలు. రోడ్డుకు అవతల పోలీసు జీపు, నలుగురైదుగురు కానిస్టేబుళ్ళు, ఒక ఎస్సై. శిబిరం నడిపించే క్యాబ్ డ్రైవర్, బొంగురు గొంతు మనిషి, నన్ను ఒకాయన దగ్గరకు తీసుకెళ్ళాడు.

"గీ అన్నను చూడుండ్రి మేడం. కంపెనీల సెక్యూరిటీ. రాత్రి డ్యూటీ, పగలు దీక్ష. అందరు తమ వంతు దినం కూసుంటే ఈయన పక్కోళ్ళ వంతు గూడ కూసుంటడు. మేమన్న నడుమ నీళ్ళు తాగుతం. అన్న మంచినీళ్ళు గూడ ముట్టడు."

చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. నాకు కాదు, ఆయనకు.

ముప్పై అయిదేళ్ళుంటాయేమో. బక్కపలచని మనిషి. నాలుక ఎండిపోయింది, ఒళ్ళు కాలుతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఒళ్ళో తువ్వాలు మడిచి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. బీపీ చూసి, అలవాటుగా చొక్కా పైకెత్తాను. తిండీ నీళ్ళూ లేని మనిషి కడుపు వీపుకు అంటుకుపోవాలి. పైభాగం అలాగే ఉంది. బొడ్డు కింద మాత్రం అయిదో నెల గర్భిణికి ఉన్నట్టు గుండ్రంగా ఉబికి ఉంది. వేళ్ళతో తట్టి చూశాను. గాలి కాదు. నీళ్ళు.

నీళ్ళు ముట్టని మనిషి పొట్టలో అన్ని నీళ్ళు ఎక్కడివి? నా వృత్తిలో దానికి ఒకటే జవాబు. మూత్రాశయం నిండి, బయటకు దారి లేక, చుక్కలు చుక్కలుగా పొంగి పొర్లుతోంది. తువ్వాలు అందుకే. దగ్గరికి వంగితే వాసన తెలిసింది. ఆ వణుకు నీరసం వల్ల వచ్చింది కాదు. నిలవున్న మూత్రం చెడి, ఆ విషం రక్తంలోకి ఎక్కుతోంది. సాయంత్రం నిమ్మరసం దాకా ఆగితే ఈ మనిషి మిగలకపోవచ్చు.

"మూత్రం సరిగ్గా వస్తోందా బాబూ?" అని గొంతు తగ్గించి అడిగాను.

ఆయన నావైపు చూడలేదు. బ్రదర్ వైపు చూసి, "మంచిగనే వస్తది" అన్నాడు.

"మీరు ఇప్పుడే ఆసుపత్రికి రావాలి."

అప్పుడు చూశాడు నావైపు. తువ్వాలు మీద చేతులు ఇంకా బిగించి, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు: "అమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఇంత మందిల గా ముచ్చట తియ్యకు. నా ఇజ్జత్ పోతది. పానం పోయినా మంచిదే."

నేను బ్రదర్‌ను షామియానా వెనక్కి లాక్కెళ్ళి విషయం చెప్పాను. అతని మొహం పాలిపోయింది. వార్డులో ఇలాంటి పొట్టలు రోజూ చూసే మనిషి. "ఉపాసం ఉంటే గ్యాస్ పట్టిందనుకున్న మేడం" అన్నాడు.

"సరే, ఇప్పుడు తీసుకెళదాం పదండి. లేవమనండి."

"లెవ్వడు మేడం. లేచి తన కాళ్ళ మీద నడిచి దవాఖానకు పోతే, దీక్ష ఇడిసి పోయిండంటరు. గిన్ని దినాల పేరు గంగల కలుస్తది. అసలు రోగమేందో చెప్తే గది ఇంక పెద్ద నామోషీ." జీపు వైపు చెయ్యి చూపించాడు. "పోలీసోళ్ళు ఎత్కపోవాలె. గదొక్కటే తొవ్వ. బలవంతంగ ఎత్కపోతే మర్యాద మర్యాదే ఉంటది, పానం పానమే ఉంటది."

బయటివాళ్ళకు నవ్వులాటలా ఉంటుంది. దీక్షలు చూసినవాళ్ళకు తెలుసు, అందులో ఎంత నిజముందో. కూర్చున్న మనిషి తనంతట తాను లేవకూడదు. పెద్దవాళ్ళు లేపాలి, లేదా పోలీసులు లేపాలి. మూడో దారి లేదు. సరేనని రోడ్డు దాటి ఎస్సై దగ్గరకు వెళ్ళాను.

ఆయన నేను చెప్పిందంతా విని టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "మేడం, దీక్షోళ్ళను ముట్టకుండ్రి అని చెప్పెటోళ్ళనే చూసిన ఇన్ని దినాలు. ఎత్కపొమ్మని అడుక్కున్నోళ్ళను మిమ్ముల్నే చూస్తున్న. ఇంతకు ఏం బీమారి?"

"అది చెప్పకూడదండి."

"చెప్పకూడదు, ఎత్కపోవాలె. నేను చెయ్యేస్తే రాళ్ళు పడుతయి, తెలుసా మీకు?"

"చెయ్యెయ్యకపోతే శవం లేస్తుందండి. అప్పుడింకా ఎక్కువ పడతాయి."

ఎందుకలా అన్నానో తెలియదు. మా అమ్మ వింటే అక్కడే చెంప పగలగొట్టేది. ఎస్సై టోపీ మళ్ళీ పెట్టుకుని, "సరే. మీరు పోయి మైకుల చెప్పుండ్రి, పానం మీదికొచ్చిందని. అందరు ఇన్నంక నేనొస్త" అన్నాడు.

మైకులో. నేను. "ఎంతండీ" అనలేక సగంలో మింగేసిన మనిషిని.

బొంగురు గొంతాయన మైకు అందించాడు. "అందరికీ నమస్కారమండి" అన్నాను. ఆ 'అండి' దగ్గరే వెనక వరసల్లో గుసగుస మొదలైంది. "ఆంధ్రా డాక్టర్" అని ఎవరో అన్నారు. ఇంకెవరో లేచి, "నిన్నెవలు పంపిన్రు? దీక్ష చెడగొట్టనీకి వచ్చినవా?" అని అరిచారు. ఎదురుగా చాప మీద ఆయన నన్నే చూస్తున్నాడు. నేను ఏం చెబుతానో తెలియక ఆయన కళ్ళలో ఉన్న భయం ముందు నా భయం ఏపాటిది?

"ఈయన కిడ్నీలు దెబ్బతింటున్నాయి. జ్వరం వచ్చింది. ఇప్పుడే వైద్యం చేయకపోతే బతకరు. డాక్టరుగా నాకు తెలిసింది చెబుతున్నాను. నన్ను ఎవరూ పంపలేదండి. మీ మనిషే పిలుచుకొచ్చారు" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అడగని సంగతి చెప్పలేదు, అంతే. ఎండకు నీళ్ళు లేక కిడ్నీలు చెడ్డాయని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మాట ప్రకారం పోలీసులు వచ్చారు. అంతే, శిబిరం మొత్తం లేచింది. నినాదాలు, తోపులాట. ఆయన్ను చాపతో సహా ఎత్తి జీపులో పడుకోబెట్టారు గానీ జీపు కదలలేదు. పదిమంది దాని ముందు రోడ్డు మీద పడుకున్నారు. "అన్నను తీసుకపోనియ్యం!" అని గుండెలు బాదుకుంటున్నారు. ప్రేమతోనే. ఆ ప్రేమే ఆయన్ను చంపేలా ఉంది. నేను ఒక పక్కకు కొట్టుకుపోయి, ఎవరి మోచేయో తగిలి, కళ్ళజోడు పోయి, బ్రదర్ ఎక్కడా అని వెతుక్కుంటుంటే, జీపు బానెట్ మీద కనిపించాడు.

"నేను పోతున్న అన్నతోని!" అని అరుస్తున్నాడు. "నేను పనిజేసే దవాఖాననే. మేడం మన మనిషి. నా మీద నమ్మకముంటే తొవ్వ ఇయ్యుండ్రి!"

మన మనిషి అన్నాడు. అతను నాతో వాదించిన మాటలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే. నిదానంగా ఒక్కొక్కరూ లేచారు. జీపులో పడుకున్నాయన జనానికి పిడికిలి ఎత్తి చూపించాడు. మూల తిరిగి జనం కనుమరుగు కాగానే పిడికిలి విప్పి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, కుక్కపిల్లలా మూలిగాడని తర్వాత ఎస్సై చెప్పాడు.

ఆ జీపులో నాకు చోటు లేదు. కళ్ళజోడు లేకుండా, కొంత నడిచి, కొంత ఎవరిదో బైకు మీద ఆసుపత్రి చేరేసరికి అక్కడ ఇంకో గొడవ తయారుగా ఉంది. మా డ్యూటీ డాక్టరు కొత్తవాడు, మంచివాడు, ఉత్సాహవంతుడు. ఈ మూడూ కలిసిన చోట నేనెప్పుడూ కంగారుపడతాను. మూత్రం ఆగిపోయిందని వినగానే కింది నుంచి గొట్టం వేయబోయాడు. పోలేదు. ఇంకొంచెం సన్నది తీసి బలంగా తోశాడు. రక్తం వచ్చింది. మూడోది చేతిలో పట్టుకుని ఉన్నాడు నేను తలుపు తీసేసరికి.

"ఆపు" అని అరిచాను. అరిచినందుకు తర్వాత అతనికి టీ ఇప్పించాను గానీ, ఇప్పుడైనా అదే గొంతుతో అరుస్తాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. దారి మూసుకుపోయిందని గొట్టం చెబుతుంటే వినాలి. తోస్తే కొత్త దారి పడుతుంది, కానీ అది తప్పు దారి. అప్పుడు పాత గాయం మీద కొత్త గాయం. ముందు వాకిలి మూసి ఉంటే పెరటి వైపు నుంచి వెళ్ళాలి.

పొత్తికడుపు మీద చిన్న చోట మత్తుమందు ఇచ్చి, సూదితో పొడిచి, మూత్రాశయంలోకి నేరుగా ఒక గొట్టం వేశాను. చేసేది పెద్ద పనేం కాదు, కానీ రక్తం ఇప్పటికే పోయి, జ్వరం మండుతున్న మనిషికి చేస్తున్నప్పుడు సూది కొస ఎక్కడుందో అని ప్రాణం ఉగ్గబట్టుకుని చేశాను. మురికి గోధుమ రంగులో వచ్చింది మూత్రం. ఒక్కసారిగా ఖాళీ చేస్తే లోపల రక్తం కారుతుందని ఆపి ఆపి వదిలాను. పొట్ట దిగేకొద్దీ ఆయన నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. బ్రదర్ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి గడిచి, జ్వరం దిగి, మాట తేలికపడ్డాక అడిగాను, ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని. బ్రదర్ వైపు చూశాడు. బ్రదర్‌ను బయటికి పొమ్మంటాడేమో అనుకున్నాను. అనలేదు.

"గా బంద్ దినం మేడం, పోయినేడు. మా కంపెనీ మూపియ్యనీకి మనోళ్ళు ఊరేగింపొచ్చిన్రు. లోపటి నుంచి మా ఆఫీసర్ గేటుకు తాళమేయమన్నడు. ఏసిన. బయట మనోళ్ళు, 'నువ్వు మనోనివి కాదారా, బయటికి రా' అన్నరు. తాళంచెవి ఆఫీసర్ తీసుకున్నడు. ఇగ గేటెక్కి దుంకుదామనుకున్న. కాలు జారింది. అటొక కాలు ఇటొక కాలు, నడుమ గేటు కడ్డీ."

"తర్వాత?"

"అందరు నవ్విన్రు. లోపటోళ్ళు నవ్విన్రు, బయటోళ్ళు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఏం గాలే అని లేచిన. ఇంటికి పోయినంక రెండు మూడు దినాలు నెత్తురొచ్చింది. మల్ల అదే తగ్గింది."

తగ్గింది అనుకున్నాడు. గేటు కడ్డీకీ తన ఎముకకూ మధ్య మూత్రం వచ్చే దారి నలిగిపోయింది. పైకి ఏ గాయమూ లేదు. లోపల గాయం మానింది, మానిన చోట మచ్చ కట్టింది. ఆ మచ్చ నెలలు గడిచేకొద్దీ ముడుచుకుని ముడుచుకుని, దారిని దారం పట్టేంత ఇరుకు చేసింది.

నేను ఇదంతా విడమర్చి చెబుతుంటే బ్రదర్ ఆయన చెయ్యి వదిలేశాడు. "ఆ దినం నేను గూడ ఆడ్నే ఉన్న అన్నా" అన్నాడు. "నేను గూడ నవ్విన. నర్సుగాన్ని ఉండి, గంత ఎత్తు నుంచి గట్ల పడ్డోన్ని చూసి, పకపక నవ్విన." ఆ మాట అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎన్నో చావులు చూసినా కళ్ళు తడవని మనిషి, ఆ రోజు చాలాసేపు ఇటు తిరగలేదు.

పేషెంటు భార్య ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసేది, అదే కంపెనీలో. ఆమె వచ్చి మొగుణ్ణి చూసి ఏడవలేదు, కొట్టేంత పని చేసింది. "రాత్రి డ్యూటీల ఉంటడు, పగలు దీక్షల ఉంటడు, ఇంట్ల ఉన్న జరంత సేపు బాత్రూంల ఉంటడు. ఏమైందయ్యా అంటే ఏడి జేసింది అంటడు. ఏడి జేసిందంటున్నడని సబ్జ గింజలు పోసిన, బార్లీ నీళ్ళు పోసిన, సల్ల పోసిన, ఊరికి పోయినప్పుడు ఈతకల్లు తాపిచ్చిన. తాగినకొద్ది గోసపడ్డడు. ఇగ నీళ్ళంటేనే పారిపోతుండె!"

మన దగ్గర మూత్రంలో మంట అంటే వేడి చేయడమే. ఎవరిని అడిగినా చలువకు తాగమంటారు. దారి ఉన్నవాడికి అది మందు. దారి లేనివాడికి అది శిక్ష. తాగమని ఇంట్లో భార్య, తాగమని డ్యూటీలో తోటివాళ్ళు, తాగమని మందులషాపాయన వెంటపడుతుంటే, తాగక్కర్లేని చోటు ఒక్కటే దొరికింది ఆయనకు. "తాగితే నరకం మేడం. తాగకపోతే ఆడ అందరు దండం పెడుతున్నరు" అన్నాడు. అలాగని ఆయన ఉద్యమాన్ని మోసం చేశాడని అనుకోకండి. నినాదం నిజమే, నొప్పి నిజమే. ఒకే చాప మీద రెండూ కూర్చున్నాయి.

అదే రోజు సాయంత్రం శిబిరం వాళ్ళంతా ఆసుపత్రికి వచ్చారు. దీక్ష పద్ధతి ప్రకారం విరమింపజేయాలి కదా. ఒక పెద్దాయన, ఫొటోలు తీసేవాళ్ళు, గ్లాసుతో నిమ్మరసం. మూత్రం సంచి మంచం కింద వేలాడుతోంది. భార్య గబగబా దుప్పటి కిందికి లాగి దాన్ని కప్పేసి, అక్కడే కదలకుండా నిలబడింది. గ్లాసు నోటి దగ్గరకు రాగానే ఆయన నా వంక చూశాడు. తాగవచ్చని తలూపాను. కళ్ళు మూసుకుని గడగడా తాగేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బొంగురు గొంతాయన నా దగ్గరకు వచ్చి, నిన్న నా మీద అరిచిన కుర్రాణ్ణి ముందుకు తోసి, "మాఫీ అడుగురా" అన్నాడు. వాడు అడిగాడు. "పర్వాలేదండి" అన్నాను, ఈసారి పూర్తిగానే.

తర్వాత మూడు నెలలు ఆయన పొట్ట మీద గొట్టంతోనే బతికాడు. లోపలి వాపు తగ్గాలి, డ్యూటీ డాక్టరు చేసిన కొత్త గాయం మానాలి. భార్య ఒక గుడ్డసంచి కుట్టి యూనిఫాం ప్యాంటు లోపల కట్టేది. ఎవరికీ తెలియలేదు. తెలుస్తుందేమోనని ఆయన, గొట్టం జారిపోతుందేమోనని నేను, రోజూ భయపడుతూనే ఉన్నాం. ఆ మూడు నెలలూ గడిచాక ఆపరేషన్ చేశాను. ఆపరేషన్‌లో మచ్చ పట్టిన ముక్క కోసి తీసేసి, మంచిగా ఉన్న రెండు కొసలూ దగ్గరకు లాగి కుట్టాను. చెప్పడానికి ఒక వాక్యం. ఆ కుట్లు బిగుతైతే మళ్ళీ మచ్చ కడుతుంది, వదులైతే కారుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో మనకు చెప్పగలిగింది ఒక్కటే, మూత్రం. అది మాట్లాడే రోజు దాకా ఎదురుచూడాలి.

పిల్లలకు ఆ కాలేజీలో చెప్పిన సలహా ఇక్కడే రాస్తాను. మగవాణ్ణి "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే "మంచిగనే ఉంది" అంటాడు. ధార ఎంత దూరం పడుతోంది, బకెట్లో చప్పుడు వస్తోందా, ఎంతసేపు నిలబడుతున్నావు అని అడగండి. సిగ్గుపడితే మీరు సిగ్గుపడకండి. ఇద్దరిలో ఒకరు సిగ్గుపడితే చాలు.

కుట్లు మానేదాకా కింది నుంచి వేసి ఉంచిన గొట్టం తీసేసిన రోజు ఆయనకు చెంబుల కొద్దీ నీళ్ళు తాగించి, పొట్ట మీది గొట్టం బిగించి కట్టి, వార్డు చివరున్న బాత్రూంలోకి పంపాను. చేతికి కొలత జగ్గు ఇచ్చాను. తలుపు వేసుకున్నాడు. బయట నేనూ, ఆయన భార్యా. నీళ్ళ చప్పుడు వింటే వస్తుందని కుళాయి తిప్పుకోమని చెప్పాను. తిప్పాడు. చాలాసేపు కుళాయి చప్పుడే. నేను గోడకు ఆనుకుని, బిగుతైందా, కుట్టు ఊడిందా, మళ్ళీ ఇరుకైందా అని నన్ను నేను చంపుకుంటున్నాను.

ఉన్నట్టుండి కుళాయి ఆగిపోయింది.

"నల్ల ఎందుకు బంద్ జేసినవయ్యా?" అని భార్య తలుపు కొట్టింది. నాలుగు చుక్కలు పడ్డ చప్పుడు. అదీ ఆగింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను, ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నామో తెలియకుండా.

అప్పుడు వచ్చింది. జగ్గు అడుగున టపటపమని మొదలై, ఒక్కసారిగా జోరందుకుని, ప్లాస్టిక్ మోగేలా పడుతోంది ధార. నేను ఇన్నేళ్ళ సర్వీసులో అంత మంచి చప్పుడు వినలేదు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. నా కళ్ళూ అదే పని చేస్తున్నాయి. తలుపు దగ్గరకు జరిగి, "అయిపోయిందా బాబూ?" అని అడిగాను.

"ఇంక అయితనే ఉంది మేడం" అన్నాడు లోపల్నుంచి. ఆ గొంతులో ఏడుపుంది. "బ్రదర్ ఏడున్నడు? పిలువుండ్రి. వార్డుల ఉన్నోళ్ళను గూడ పిలువుండ్రి. అందర్ని ఇననియ్యుండ్రి."

నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను.